ముర్రా పోతు కూతుళ్ళు

నేను చూసిన మొదటి దూడ వెదురు తట్టలో వచ్చింది. ఒక రైతు దాన్ని పొద్దున్నే నెత్తి మీద పెట్టుకుని తెచ్చి మా క్వార్టరు గుమ్మం ముందు దింపాడు. పైన కప్పిన గోనె తీస్తే నల్లగా, ఇంకా తడి ఆరని గేదెదూడ. తల, నడుము, వెనకకాళ్ళు అన్నీ బాగానే ఉన్నాయి. ముందుకాళ్ళు మాత్రం మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయాయి. గిట్టలు లేవు. కొనలు నున్నగా, తోలు మూసుకుపోయి ఉన్నాయి. అది బతికే ఉంది. వెనకకాళ్ళ మీద లేచి ముందుకు బోర్లా పడేది. కాసేపు ఆయాసపడి మళ్ళీ లేచేది.

"ఆకలి దానికి. తల్లి కాడికి పోవాలని సూస్తన్నాది," అన్నాడు రైతు.

మా బావ టేపు తెచ్చి దాని ఒళ్ళంతా కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మధ్యాహ్నానికి దూడ పోయింది. దాన్ని ఆసుపత్రి వెనక వసారాలో పెద్ద సిమెంటు తొట్టెలో, చెడిపోకుండా ఫార్మలిన్ కలిపిన నీళ్ళలో వేశాడు. ఆ ఘాటుకు మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

అరవైల చివరి సంవత్సరాలవి. శ్రీముఖలింగానికి నాలుగు మైళ్ళ దూరంలో, వంశధార పక్క ఊళ్ళో బావ పశువుల డాక్టరు. బావ అంటే నా భర్తే. మా నాన్న సొంత అక్క కొడుకు. మా ఇంట్లో మేనరికాలు కొత్త కాదు, మా నాన్నమ్మా తాతయ్యలదీ మేనరికమే. పెళ్ళయ్యాక మొగుణ్ణి 'మీరు' అనాలని అత్తయ్య చెప్పింది. నలుగురిలో మీరు అనేదాన్ని, ఇంట్లో చిన్నప్పటి నువ్వే. విజయనగరంలో మా వాళ్ళు తరాలుగా వీణ, సంస్కృతం చెప్పుకుని బతికినవాళ్ళు. అందులోంచి పశువుల డాక్టరు చదువుకు వెళ్ళినవాడు బావ ఒక్కడే. జన్యుశాస్త్రం అంటే అతనికి ప్రాణం. పై చదువు సగంలో వదిలేసి ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. మంచి పత్రికలో ఒక్క వ్యాసం అచ్చయితే పరిశోధనా కేంద్రంలోకి తీసుకుంటారని ఆశ. ఊళ్ళో గొడ్డు చలిజ్వరానికి మందు పోసి వచ్చి, చేతులు కడుక్కుని, పాత పత్రికలు ముందేసుకుని కూర్చునేవాడు.

ఆ తట్ట వచ్చేటప్పటికి మా పిల్లాడు పోయి ఏడాది దాటింది. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. పాలు తాగలేదు. నీరసించి మూడో రోజున పోయాడు. ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేదు, బావ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ ఏడు అలాంటి దూడలు మరో మూడు పుట్టాయి. ఒకటి చచ్చే పుట్టింది. ఊళ్ళో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు డాక్టరు సూది మందుల వల్లే అన్నారు. బావ ఆసుపత్రి రిజిస్టర్లు తీసి పదిరోజులు కూర్చున్నాడు. ఒకరోజు భోజనానికి పిలిస్తే రాలేదు. వెళ్ళి చూస్తే కాగితాల మధ్య మొహం వెలిగిపోతూ ఉన్నాడు. పెళ్ళయ్యాక అతని మొహంలో అంత సంతోషం నేను చూడలేదు.

"నాలుగు దూడల తల్లులూ పోతు కూతుళ్ళే," అన్నాడు.

పోతు అంటే పంచాయతీ సమితివాళ్ళు ఎక్కడో పంజాబు వైపు నుంచి తెప్పించిన ముర్రా దున్నపోతు. చుట్టలు తిరిగిన కొమ్ములు, ఏనుగు లాంటి ఒళ్ళు. అయిదారేళ్ళుగా ఊళ్ళో ఉంది. జాతి బాగుపడాలని ఊళ్ళోని నాటు పోతుల్లో చాలావాటికి బావకు ముందున్న డాక్టరు విత్తులు నొక్కేశాడు. మిగిలినవాటికి బావే నొక్కాడు. ఇక ఎదకొచ్చిన గేదెకల్లా అదొక్కటే గతి. దానికి పుట్టిన పెయ్యలు ఎదిగి ఎదకు వస్తే వాటినీ దాని దగ్గరికే తోలుకెళ్ళేవారు.

అన్నం కలుపుకుంటూ బావ నాకు విడమరిచి చెప్పాడు. "ప్రతి లక్షణానికీ ఒంట్లో రెండు పాళ్ళుంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈ పోతులో కాళ్ళకు సంబంధించి ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మంచిది పక్కనున్నంత కాలం చెడ్డది బయటపడదు. అందుకే పోతు బాగుంది, దాని కూతుళ్ళూ బాగున్నాయి. కానీ కూతుళ్ళలో సగానికి ఆ చెడ్డది వెళ్ళి ఉంటుంది. కూతుర్ని మళ్ళీ తండ్రికే దాటిస్తే రెండు చెడ్డవీ ఒకే దూడలో కలవచ్చు. అలా కలిసిన దూడకి కాళ్ళు రావు."

"అయితే ఆ పోతుని ఆపించెయ్యి," అన్నాను.

"ఆపిస్తాను. ముందు మా ప్రొఫెసరు గారికి రాయనీ."

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. చాలా విలువైన సంగతి, ఇంతకు ముందు ఎవరూ రాసినట్టు లేదు, కానీ నాలుగు దూడలు చాలవు, ఇంకో ఈతకాలం ఆగి లెక్క పెంచు, అంతవరకు పోతును కదపకు. అదీ దాని సారం. వ్యాసంలో తన పేరు ముందు, బావ పేరు తర్వాత ఉంటుందని కూడా రాశారు. బావ ఆ ఉత్తరాన్ని మడతలు చిరిగేదాకా చదివాడు.

మాకు పాలు పోసే ఆవిడ ఊరి చివర ఉండేది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. మొగుడు ఖరగ్‌పూర్లో రైలు పట్టాల పనికి వెళ్ళి ఏడాదికోసారి వచ్చేవాడు. అత్తా, ఆవిడా రెండు గొడ్లతో సంసారం లాగేవాళ్ళు. ఒకటి ముసలి గేదె, వట్టిపోవడానికి సిద్ధంగా ఉంది. రెండోది ముర్రా పోతుకు పుట్టిన పెయ్య. నున్నటి ఒళ్ళు, పెద్ద పొదుగు పడేలా ఉందని ఊరంతా దాన్ని మెచ్చుకునేది. చేలో చోళ్ళు కోసిన పూట కూడా ఆవిడ దానికి తవుడు కలిపి పెట్టాకే తను అంబలి తాగేది.

కార్తీకంలో ఒక పొద్దున పాలు పోస్తూ అడిగింది. "మా పెయ్య ఎదకొచ్చినాదమ్మా. ఆ ముర్రా పోతు కాడికే తోలుకెల్దునా, ఏరు దాటించి ఆవలూరి నాటుపోతు కాడికి తోలుకెల్దునా? మాయత్త భయపడతన్నాది. డాట్రుబాబుని ఓ పాలి అడిగి సెప్పమ్మా."

నేను లోపలికి వెళ్ళాను. బావ గడ్డం గీసుకుంటున్నాడు. మాట విని కత్తి ఆపాడు.

"ఒకరికి చెప్తే మధ్యాహ్నానికి ఊరంతటికీ తెలుస్తుంది," అన్నాడు. "లెక్క ప్రకారం ఎనిమిదింట ఒకటి. ఏడు బాగుంటాయి. ఆవిడదే ఎందుకవుతుంది?"

"ఏం చెప్పమంటావు?"

"నీ ఇష్టం," అని మళ్ళీ అద్దంలోకి చూసుకున్నాడు.

ఆ మాట అతను అన్నాడు. బయటికొచ్చి చెప్పింది నేను. "ఏ పోతైనా ఒకటేనన్నారు, దగ్గరున్న దాని దగ్గరికే తోలుకెళ్ళు" అన్నాను. ఎందుకలా అన్నానని ఈ వయసులో కూడా నన్ను నేనే అడుగుతూ ఉంటాను. అతని వ్యాసం కోసం కొంత. ఆ ఊరు వదిలి మా వాళ్ళకు దగ్గరగా, మంచి ఆసుపత్రి ఉన్నచోటికి పోవాలన్న ఆశతో కొంత. ఎనిమిదింట ఏడు బాగుంటాయన్న లెక్క నాకూ బాగానే వినిపించింది. ఆవిడ గిన్నె బోర్లించుకుని సంతోషంగా వెళ్ళిపోయింది.

సంక్రాంతి దాటిన నెలకు నాకు నెల తప్పిందని తెలిసింది. పెయ్య కూడా చూడి కట్టింది. పాలావిడకు అదొక వేడుక. వాకిట్లోకి రాగానే, "మనింట్లో ఇద్దరూ బాగున్నారా?" అని అడిగేది. ఇద్దరంటే నేనూ, ఆవిడ పెయ్యా. చింతచిగురు తెచ్చి ఇచ్చేది. నేను నవ్వేదాన్ని. ఆవిడ వెళ్ళాక తలుపు వేసుకునేదాన్ని.

ఎండాకాలం నడిమధ్య బావ ఒక పని అప్పగించాడు. నేను స్కూలు ఫైనలుతో పాటు డ్రాయింగు పరీక్ష కూడా పాసయ్యాను. పత్రికకు పంపే వంశవృక్షం నల్లసిరాతో, సన్న పాళీతో, ట్రేసింగు కాగితం మీద గీయమన్నాడు. మగవాటికి చతురస్రం, ఆడవాటికి సున్నా. లోపంతో పుట్టినవాటిని నల్లగా నింపాలి. మామూలు జతకు మధ్యలో ఒక గీత. పోతుకూ దాని కూతురికీ మధ్య మాత్రం రెండు గీతలు.

"రెండెందుకు?"

"రక్తసంబంధం ఉన్న జతకి రెండు వేస్తాం," అన్నాడు, కాగితం మీంచి తలెత్తకుండా.

రెండు రోజులు గీశాను. మూడో రోజు ఒక దూడ పుట్టిన నెల సరిగ్గా తెలియక, అతను ఆసుపత్రిలో ఉండగా నోటుపుస్తకం తీశాను. దూడల లెక్కలన్నీ అయిపోయాక చివరి పేజీల్లో పెన్సిలుతో గీసిన ఇంకో వంశవృక్షం ఉంది. గేదెలకు అంకెలు వేసేవాడు, ఇందులో అంకెలు లేవు. పైన ఒక చతురస్రం, ఒక సున్నా, మధ్యలో రెండు గీతలు. వాటి కింద ఒక సున్నా, ఒక చతురస్రం, అక్కా తమ్ముడూ. వాళ్ళ కింద మళ్ళీ ఒక చతురస్రం, ఒక సున్నా, మధ్యలో రెండు గీతలు. వాటి కింద ఒక చిన్న చతురస్రం నల్లగా నింపి ఉంది. దాని పక్కన ఖాళీ. ఇంకా ఏమీ గీయలేదు, కానీ గీయడానికి చోటు వదిలాడు.

అది మా ఇల్లేనని అర్థం కావడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. నాన్నమ్మ, తాతయ్య. అత్తయ్య, నాన్న. బావ, నేను. ఆ నల్లది మా పిల్లాడు. ఆ ఖాళీ నా కడుపులో ఉన్నది.

బావ మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఆ పేజీ తెరిచి పీట పక్కన పెట్టాను. అతను చూశాడు. కాళ్ళు కడుక్కున్నవాడు కడుక్కున్నట్టే నిలబడిపోయాడు.

"ఎప్పుడు గీశావు?"

"వాడు పోయిన నెలకి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? నాకే తెలీదు. వాడు దేనివల్ల పోయాడో తెలీదు. మనుషుల్లో ఇదెలా వస్తుందో నేను చదువుకోలేదు. గేదెలైతే లెక్కపెట్టగలను. మనల్ని..." అని ఆగిపోయాడు.

"ఇప్పుడు ఈ కడుపు ఏమవుతుంది?"

"తెలీదు," అన్నాడు.

కంచం ముందు కూర్చున్నాడు, తినలేదు. నేను పాలావిడ సంగతి తెచ్చాను. ఆవిడకైనా చెప్పమన్నాను. "పెయ్య చూడి కట్టేసింది. ఇప్పుడు చెప్పి చేసేదేముంది? ఈనే దాకా భయంతో చావడం తప్ప," అన్నాడు. "అలా భయంతో ఎలా ఉంటుందో నాకు తెలుసు, బావా, ఈ పూట నుంచి" అన్నాను. పోతును ఆపించమని అడిగితే, ఈ ఒక్క ఈతకాలం అన్నాడు. కిందటి ఏడూ ఆపిస్తాననే అన్నాడు.

మర్నాడు నేను పోతును మేపే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఎండలో, కడుపుతో, మామిడితోట వెనక ఉన్న ఆ పాకదాకా ఒంటరిగా నడిచాను. సమితి పోతును ఆయనకు అప్పగించి అయిదారేళ్ళయింది. దానికి రోజూ ఏట్లో నీళ్ళు పోసి, గడ్డితో రుద్దేవాడు. నన్ను చూసి గాభరాగా లేచి, నులకమంచం నీడలోకి లాగాడు. చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పేశాను. ఈ పోతుని దాని కూతుళ్ళ మీదికి వదలొద్దు, కాళ్ళు లేని దూడలు అందుకే పుడుతున్నాయి.

ముసలాయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"తెలుసమ్మా. నానే గదా డాట్రుబాబుకి సెప్పినాను. మొదటి దూడ పుట్టినప్పుడే సెప్పినాను. బాబూ, ఇది దీని కూతురే, తండ్రికే కట్టినాం, అది తప్పేమో సూడండి అని. బాబు రిజిస్టర్లు సూసినారు. నిజమే అన్నారు. ఈ ఏడు ఒగ్గేయ్, ఎవులికీ సెప్పకు, నాను పైకి రాస్తాను అన్నారు. పెద్దోరు సెప్పినారు గదా అని నాను ఊరుకున్నాను." తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ, "ఊరుకున్నాను గానీ, తోలుకొచ్చిన పెయ్యని సూసినప్పుడల్లా దాని కాళ్ళకేసే సూస్తాను," అన్నాడు.

అంటే ఆ రోజు కాగితాల మధ్య వెలిగిన మొహం ఇంకొకరు చెప్పిన సంగతి రుజువైనందుకు. ఆయన చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

"ఇంక కట్టనమ్మా," అన్నాడు. "కాలికి దెబ్బ తగిలినాదని సెప్పి అందర్నీ తిప్పి పంపించేస్తాను. డాట్రుబాబు అడిగితే నువ్వు సూసుకో."

అడగలేదు బావ. పోతుకు దెబ్బ తగిలిందని తెలిసి కూడా చూడడానికి వెళ్ళలేదు. నేనే చెప్పించానని అతనికి తెలుసని నా అనుమానం.

భాద్రపదంలో, వానలు పడుతుండగా, పాలావిడ అత్త తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. పొద్దున్నించి పెయ్య నొప్పులు పడుతోంది, దూడ రావడం లేదు. బావ తాళ్ళు, సబ్బు పట్టుకుని వెళ్ళాడు. నాకు తొమ్మిదో నెల దగ్గర పడుతోంది. వద్దన్నా వినకుండా వెనకే వెళ్ళాను.

పెయ్య పాకలో పడుకుని మెడ చాపేసి ఉంది. పాలావిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బావ మోచేతి దాకా సబ్బు రాసుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. చెయ్యి పెట్టిన క్షణంలోనే అతని మొహం చూసి నాకు తెలిసిపోయింది. తాడు వెయ్యడానికి ముందుకాళ్ళు లేవు. దవడకూ తలకూ ఉచ్చు వేసి, మధ్యాహ్నం దాటేదాకా, ఇద్దరు మగవాళ్ళ సాయంతో లాగాడు. దూడ బయటపడింది. కాసేపు ఊపిరి తీసింది, ఆగిపోయింది. మోకాళ్ళ దగ్గర ముగిసిన ఆ రెండు కాళ్ళనూ పాలావిడ చేత్తో తడిమి చూసింది. ఏడవలేదు.

"తల్లి బతుకుతాదా బాబూ?"

"బతుకుతుంది," అన్నాడు బావ. బతికింది కూడా.

దూడను గోనెలో చుట్టి అతను ఆసుపత్రికి తెచ్చాడు. నేను పెయ్య దగ్గర కాసేపు ఉండి, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చేసరికి సాయంత్రమవుతోంది. నా వెనకే పాలావిడ వచ్చి వసారా కింద నిలబడింది.

"దూడ తోలు కావాలమ్మా. గడ్డి కుక్కి ముందర ఎడతాను. నేకపోతే అది సేపదు."

గేదె సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. దూడ ఎదురుగా లేకపోతే, దాని వాసన తగలకపోతే, పొదుగు నిండా పాలున్నా గేదె కిందికి వదలదు. దూడ చస్తే తోలులో గడ్డి కుక్కి, బొమ్మ చేసి ముందు పెడతారు. తల్లి దాన్ని నాకి పాలు చేపుతుంది. మెదడులోంచి ఒక రసం రక్తంలోకి వస్తేనే పాలు దిగుతాయని, వాసనా స్పర్శా తగిలితేనే అది వస్తుందని బావే నాకు చెప్పాడు.

వసారాలోకి వెళ్ళాను. దూడ అప్పటికే తొట్టెలో ఉంది. ఫార్మలిన్‌లో మునిగి గంట దాటింది.

"దాన్ని తియ్యి," అన్నాను.

"తొమ్మిదోది ఇది," అన్నాడు బావ. "మొదటిది తొట్టెలోనే చివికిపోయింది, చెడని దూడ ఒక్కటి కూడా పూర్తిగా లేదు నా దగ్గర. ఇది కావాలి."

"తియ్యి బావా."

అతను కదల్లేదు. నేను చీర ఎగదోపుకుని రెండు చేతులూ తొట్టెలో పెట్టాను. కళ్ళు మండి నీళ్ళు కారాయి. చేతులు భగ్గుమన్నాయి. దూడ బరువుకు ముందుకు తూలితే అతను వచ్చి నన్ను పట్టుకున్నాడు. తర్వాత తనే తీశాడు. కత్తి తెచ్చి, వసారా నేల మీద గొంతుక్కూర్చుని తోలు ఒలిచాడు. అతని ముక్కు చివర్నుంచి చుక్కలు పడుతున్నాయి. మందు ఘాటుకో ఏడుపుకో నాకు తెలీదు.

ఆ తోలును నేనూ పాలావిడా నూతి దగ్గర కుంకుడురసం పోసి ఉతికాం. బూడిద రుద్దాం, మళ్ళీ ఉతికాం. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. చంకలో పెట్టుకుని తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున వెళ్ళాను. గడ్డి కుక్కిన దూడను గేదె ముందు నిలబెట్టారు. ఈనినప్పుడు పడిన మాయలో కొంత దాచి ఆవిడ దానికి రాసింది, ఉప్పు, తవుడు చల్లింది. గేదె మెడ చాపి వాసన చూసింది. ముక్కుపుటాలు ఎగరేసి వెనక్కి తగ్గింది. మళ్ళీ చూపిస్తే కొమ్ముతో విసిరికొట్టింది. పొదుగు రాయిలా బిగిసి ఉంది, పాలావిడ చన్ను ముట్టుకుంటే తన్నేది. బావ సూది వేస్తే ఆ పూటకు కాసిన్ని దిగాయి. ఆసుపత్రిలో ఆ మందు రెండు పూటలకే సరిపోయింది. నాలుగో రోజుకు పొదుగు వాచి జ్వరం వచ్చింది. పదిరోజుల్లో గేదె వట్టిపోయింది. ముసలిది అంతకు ముందే వట్టిపోయింది.

ఆ పాకలో, గేదెకు వేడినీళ్ళ కాపడం పెడుతున్న ఆవిడ పక్కన కూర్చుని చెప్పేశాను. ఆ రోజు నేను లోపలికెళ్ళి అడిగి వచ్చినప్పుడు నాకు అంతా తెలుసు. ఏరు దాటించమని చెప్పాల్సింది. తెలిసీ చెప్పలేదు.

ఆవిడ గుడ్డ పిండుతూ పిండుతూ ఆగింది.

"ఎందుకలగ సేసినావమ్మా?"

వ్యాసం అని ఎలా చెప్పను?

ఆవిడ నా కడుపు వైపు చూసింది. "ఎల్లమ్మా, ఇంటికెల్లు. ఇక్కడ తడిగా ఉన్నాది," అంది. మళ్ళీ గుడ్డ నీళ్ళలో ముంచింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. దసరా లోపల ఆవిడ మొగుడు వచ్చి గొడ్లను ఎవరికో అప్పగించి, అత్తనూ ఆవిడనూ ఖరగ్‌పూరు తీసుకుపోయాడు. తిలారు స్టేషనుకు బండి కట్టుకుని మా ఇంటి ముందునుంచే వెళ్ళారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. బయటికి రాలేకపోయాను.

ఆ తర్వాత వారానికి, పురిటికి వెళ్ళిన విజయనగరంలో, ఆడపిల్ల పుట్టింది. నర్సు బిడ్డను చుట్టి ఇస్తే ముందు గుడ్డ విప్పి చేతులు చూశాను, కాళ్ళు చూశాను, వేళ్ళు లెక్కపెట్టాను. అమ్మ, అత్తయ్య ఆడపిల్ల అని సంబరపడుతున్నారు, నాకు ఏ మాటా ఎక్కలేదు. నాకు మూడో రోజు దాటాలి. రెండో రోజు బిడ్డ రొమ్ము పట్టక కాసేపు ఏడిస్తే నర్సును పిలవమని కేకలు పెట్టాను. మూడో రోజు బావ బస్సు దిగి సరాసరి వచ్చి, పిల్లను ఎత్తుకోకుండా, మంచం పక్క స్టూలు మీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. చీకటి పడ్డాక పిల్ల కడుపునిండా తాగి నిద్రపోయింది. అప్పుడు అతను తలవంచుకుని, భుజాలు కదిలేలా ఏడ్చాడు. అత్తయ్యకు అర్థం కాలేదు. "ఆడపిల్లని ఏడుస్తున్నావురా?" అని కసిరింది. నాకు మళ్ళీ బిడ్డ వద్దని ఆ రోజే అనుకున్నాను. అతనూ అడగలేదు.

వ్యాసం మరుసటి ఏడు అచ్చయింది. నాలుగు పేజీలు, ఒక పట్టిక, నేను గీసిన పటం. పట్టికలో తొమ్మిదో వరుసలో పాలావిడ గేదె ఉంది. 'మొదటి ఈత, కష్టప్రసవం, దూడ మృతి, తల్లి కోలుకుంది' అని ఇంగ్లీషులో ఉంది. కృతజ్ఞతలు ప్రొఫెసరు గారి పైవాళ్ళకు చెప్పారు. బావ పుస్తకం నా చేతికిచ్చి నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నేను చదివి తిరిగి ఇచ్చేశాను.

"ముసలాయనకి చదివి వినిపించు," అన్నాను.

"ఆయనకి ఏమర్థమవుతుంది?"

"ఆయన చెప్పిందే కదా."

అతని మొహం తెల్లబోయింది. ఆ సంగతి నాకు తెలుసని అప్పుడే తెలిసింది అతనికి. ఆ సాయంత్రం పుస్తకం తీసుకుని పాకకు బయల్దేరాడు. పిల్లను ఎత్తుకుని నేనూ వెళ్ళాను.

పోతు అప్పటికి అక్కడ లేదు. పై నుంచి ఉత్తరువు వచ్చి దానికీ విత్తులు నొక్కేశారు, పార్వతీపురం వైపు ఎవరో బండికి తోలుకుపోయారు. ముసలాయన ఖాళీ కొట్టం ముందు కూర్చుని గోగునార పేనుతున్నాడు. బావ నేల మీద కూర్చుని ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో చెప్పాడు. ముసలాయన నార పేనడం ఆపకుండా విన్నాడు. అంతా అయ్యాక బావ, "మీరు ముందే చెప్పారని ఇందులో రాయలేదు. రాయాల్సింది. నాదే తప్పు," అన్నాడు.

"పేరుదేటున్నాది నెండి బాబూ," అన్నాడాయన. తర్వాత నార పక్కన పెట్టి అడిగాడు. "మన ఊళ్ళో దాని కూతుళ్ళు ఇంకా పదిహేను ఇరవై ఉన్నాయి. అందులో మంచివేవో, సెడ్డవేవో సూసి సెప్పగలరా?"

"చెప్పలేం. బయటికి ఏమీ తెలీదు."

"అయితే అన్నిట్నీ వేరే పోతుకే కట్టాల. ఆ పోతేది? ఉన్నవన్నీ మీరే నొక్కేసినారు గదా."

బావ పుస్తకం మూసి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆవలి ఒడ్డు ఊళ్ళోని నాటుపోతు కూడా వరదలో పోయిందని ముసలాయన చెప్పాడు. ఎదకొచ్చిన గేదెలు కట్టుతాళ్ళు తెంచుకుని అరుస్తున్నాయనీ, జనం ఎక్కడికి తోలుకెళ్ళాలో తెలీక తన గుమ్మం ముందుకే వస్తున్నారనీ చెప్పాడు.

ఆ రాత్రే బావ కొత్త పోతు కోసం పైకి దరఖాస్తు రాశాడు. తర్వాత నెలకొకటి రాశాడు. వ్యాసం చూసి అతన్ని పరిశోధనా కేంద్రానికి తీసుకున్నారు, అనుకున్నట్టే. మేము సామాన్లు బండికెక్కించే నాటికి కూడా ఆ ఊరికి పోతు రాలేదు. దూరపు ఊళ్ళకు తోలుకెళ్ళినవి పోగా, ఊరి గొడ్లలో సగం ఆ ఏడు చూడి కట్టలేదు.